అడ్డగీత

మందు పేరు థాలిడమైడ్.
మా మరాన్యావ్ పల్లెల్లో పేరెవరూ చదవరు,
బొమ్మ చూస్తారు.
కడుపుతో ఉన్న ఆడమనిషి, పక్కకి తిరిగి నిలబడి,
ఆమె మీదుగా ఏటవాలుగా ఒక ఎర్రగీత.
నేను చదువుకున్న చదువు ప్రకారం
దాని అర్థం ఒక్కటే.

మెయారీం నది పొంగిన వారం అది.
పడవ నడిపే సిల్వెరియు మోటారు ఆపకుండానే
"త్వరగా కానీ దాల్వనీరా, చీకటి పడుతోంది" అంటున్నాడు.
జెరోన్సియు కాళ్ల నిండా ఎర్రటి గడ్డలు,
కుష్టుకి మందు వాడాక కూడా వదలని జ్వరం.
మాత్రల డబ్బా అతని చేతిలో పెట్టి
భార్య ఎదిలేవుజాని పిలిచి
బొమ్మ మీద వేలుంచి చూపించాను.
"చూశావుగా?"
"చూశాను."
కాగితం మీద బొటనవేలు ఒత్తింది,
కాయలు కొట్టి కొట్టి గీతలు అరిగిపోయిన ముద్ర.
పడవెక్కేశాను.

ఆమె చూసింది.
నేను చూపించింది కాదు.

అప్పటికే నలుగురు పిల్లలు.
పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా
గొడ్డలి అంచు పైకి పెట్టి, పిడి మీద కాలేసి కూర్చుని
బబాసు కాయలు పగలగొట్టడమే బతుకు.
కడుపు మీద గీత కొట్టారంటే
కడుపు వద్దనుకున్నవాళ్ల మందు కాబోలు అనుకుంది.
ఆయనకి నొప్పి తగ్గిస్తుంది,
నాకు ఇంకో కాన్పు తప్పిస్తుంది,
ఒక్క మాత్రకి రెండు పుణ్యాలు.

పొదుపైన మనిషి.
మణికట్టు పీకి నిద్రపట్టని రాత్రుల్లోనే మింగింది.
ఎన్ని వేసుకున్నావని తర్వాత ఆసుపత్రిలో అడిగారు.
"మూడు. కాదు, నాలుగు.
ఒకటి కింద పడితే కోడి తినేసింది."
డాక్టరు రాసుకున్నాడు.
కోడిని రాసుకోలేదు.

అవి ఏ రోజులంటే
నెల తప్పిందో, లెక్కే తప్పిందో తెలియని రోజులు.
లోపల గింజంత ప్రాణం
భుజాల దగ్గర మొగ్గ తొడిగి
మోచేతుల వైపు బయలుదేరబోతున్న రోజులు.

బయలుదేరలేదు.

పిల్లాడి పేరు ఇవానిల్డు.
వాడికి భుజం దగ్గరే వేళ్లు మొదలవుతాయి,
కుడివైపు మూడు, ఎడమవైపు రెండు.
సంతలో చెయ్యి చూసి జోస్యం చెప్పే ముసలాయన
వీళ్లు రావడం చూసి చాప చుట్టేసుకున్నాడట.
అది చెబుతూ ఎదిలేవుజా ఎంత నవ్విందో!
"నా కొడుకు గీత చదవగలవాడు
ఇంకా పుట్టలేదు" అని.

నాకు నవ్వు రాలేదు.
ఆ గుమ్మం ముందు పడవ దిగినప్పుడల్లా
ఆరేళ్లు, ఒక్క తిట్టు కోసం కాచుకున్నాను.
తిట్టలేదు.
ఒకసారి మాత్రం, కాయ మీద దుడ్డు ఎత్తి,
నా వైపు చూడకుండా అంది:
"నువ్వు చూపించావు, నేను చూశాను.
చదివామనుకున్నాం ఇద్దరం."
కాయ రెండుగా విడిపోయింది.
అంతే, మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఇప్పుడు డబ్బా తీశాక ముందు నేను నోరు విప్పను.
"ఏం కనిపిస్తోంది?" అని అడుగుతాను.
లావుగా ఉన్నవాళ్లు వేసుకోకూడదు, అంది ఒకామె.
కవలలు పుట్టరు, అన్నాడొక తాత.
పదహారేళ్ల జుసిమారా,
నాన్న మాత్రలు తీసుకోడానికి వచ్చిన పిల్ల,
చాలాసేపు చూసి
"ఈవిడ్ని ఎవరో కొట్టేశారు" అంది.
"ఏం తప్పు చేసిందని?"

ఒడ్డున మోటారు మోగుతూనే ఉంది.
"ఆపెయ్ సిల్వెరియూ" అని అరిచి
నేల మీదే చతికిలబడ్డాను.
చెప్పడం మొదలుపెట్టాను,
ఊరి పేరు చెప్పకుండా, మనిషి పేరు చెప్పకుండా,
కోడి దగ్గర్నించి.